ఫోను బాయి మీదనే ఉంటది

గోదావరిఖనిలో మానసిక వైద్యం మాట ఎత్తితే వాదం రెండు దారులు పడుతుంది. ఆ బాధ పడి లేచిన తోటి కార్మికుడు పక్కన కూర్చుంటే తప్ప మనిషి నోరు విప్పడని కొందరంటారు. అలా తోడు నిలిచేవాళ్లను ఇప్పుడు పీర్ సపోర్ట్ వర్కర్లు అంటున్నారు. చేతిలో ఉన్న ఫోనే డాక్టరు దాకా దగ్గరి దారి అని మిగతావాళ్లంటారు. ఈ సంవాదంలో మామ రామగుండం బొగ్గుబాయిలో షాట్ ఫైరర్‌గా చేసి రిటైరైన మనిషి. తాగుడులో పడి, బయటపడి, ఇప్పుడు అదే అవస్థలో ఉన్నవాళ్ల ఇండ్లకు తనంతట తాను పోయి కూర్చుంటాడు. కోడలు మానసిక వైద్య విభాగంలో నర్సు. పాత్రలు కల్పితం. వాళ్లు చెప్పే ఊళ్లు, ఏండ్లు, లెక్కలు నిజమైనవి.

కోడలు: మామా, యైటింక్లయిన్ కాలనీల నువ్వు పోయే ఇండ్లు ఎన్ని?

మామ: ఎవరన్నా కబురు పెడితే పోత. లెక్క రాసుకోను.

కోడలు: నా బాధ అదే. కబురు పెట్టని ఇల్లు సంగతేంది? సింగరేణిల పర్మినెంటోళ్లే 40 వేల దరిదాపుల ఉన్నరు. కాంట్రాక్టు కార్మికులు, వాళ్ల ఇంటోళ్లు వేరే. నిమ్‌హాన్స్ 2015-16ల దేశమంతా సర్వే చేస్తే, తాగుడు జబ్బు ఉన్నోళ్లల్ల నూటికి 86 మందికి ఏ వైద్యం అందలేదని తేలింది. లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు. నీ అసొంటోళ్లు పది మంది ఉన్నా ఎన్ని గుమ్మాలు ఎక్కుతరు? ఫోను లేని ఇల్లైతే లేదు గదా.

మామ: ఫోను ఎక్కడుంటది బిడ్డా? బాయి మీదనే ఉంటది. ల్యాంప్ రూముల క్యాప్ ల్యాంపు తీసుకొని దిగేటప్పుడు బీడీ, అగ్గిపెట్టె, ఫోను అన్నీ పైన్నే విడిచిపోవాలె. గ్యాసు ఉండే జాగ. షిఫ్టు షిఫ్టంతా మనిషి ఫోను లేకుంటనే ఉంటడు. పైకప్పు చిటపటమన్నప్పుడు, నిన్న ఇంట్ల జరిగిన లొల్లి మతికొచ్చి చెయ్యి ఆడనప్పుడు పక్కన ఎవరుంటరు? సపోర్ట్‌మన్ ఉంటడు, ట్రామర్ ఉంటడు. ఒకడు మాట బంద్ చేసిండంటే ముందుగాల తెలిసేది వాళ్లకే. భార్యకు గూడ తర్వాతనే తెలుస్తది.

కోడలు: బాయిల పక్కోడే దిక్కు, కాదనను. కని మనిషి కుంగిపోయేది బాయిలనేనా? రాత్రి షిఫ్టు చేసొచ్చి, పగలు నిద్ర పట్టక, క్వార్టర్ల ఒక్కడే పడుకొని ఉన్నప్పుడు నువ్వుంటవా? ఆ ఘడియల 14416 కొడితే మాట్లాడే మనిషి ఉంటరు. టెలి-మానస్ అది. 2022 అక్టోబర్ 10న మొదలైంది. పైస ఖర్చు లేదు, 24 గంటలు, తెలుగుల మాట్లాడతరు. దేశం మీద ఇప్పటికి 20 లక్షల ఫోన్లు దాటినయ్. ఇంకోటి చెప్త, కోపం చేసుకోకు. నువ్వు ఒకరింటికి పోతే ఆ లైన్ల ఉన్న క్వార్టర్లన్నిటికి తెలుస్తది. "ఆయన ఇంటికి ఈయన వచ్చిండంటే ఏదో ఉన్నది" అంటరు. నీ మోటార్ సైకిల్ ఆగుడే ఒక చాటింపు.

మామ: ఆ మాట అబద్ధం కాదు. ఒకింటికి పోతే గుమ్మంల నిలబెట్టి పంపిన్రు. అయితే బిడ్డా, కాలనీల పేరు పోతదన్న భయం ఒకటి. దానికన్న పెద్ద భయం ఇంకోటున్నది. అన్‌ఫిట్.

కోడలు: మెడికల్ బోర్డు సంగతా?

మామ: అదే. కొత్తగూడెం మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అన్నదంటే కొడుక్కు నౌకరి వస్తది. ముప్పై ఏండ్ల కొడుకు, చదువుకొని ఖాళీగ ఇంట్ల కూసుంటడు, తండ్రి ఎప్పుడు అన్‌ఫిట్ అయితడా అని చూస్తడు. వాని తప్పు గూడ కాదది, బయట నౌకరి లేదు. కని ఆ చూపు ముంగట అన్నం తినే తండ్రికి ఎట్లుంటదో ఆలోచించు. ఇట్లాంటి చోట ఒకడు నిజంగనే దిగులుతోని మంచం పట్టిండనుకో. చెప్తే "అన్‌ఫిట్ కోసం నాటకం" అంటరు. చెప్పకుంటే నాగాలు పడ్తయ్, మస్టర్లు తగ్గుతయ్, చార్జిషీటు వస్తది. మస్టర్లు తక్కువున్నోళ్లను, ఇంటోళ్లను పిలిచి కంపెనీ కౌన్సెలింగ్ పెడ్తది. మంచిదే. కని ఆ కుర్చీల కూర్చున్నోనికి ఎదురుంగ ఉన్నది డాక్టరు కాదు, ఆఫీసరు. అక్కడ మనసు ఎవడు విప్పుతడు? ఇప్పుడు నువ్వొచ్చి "ఈ యాప్‌ల తొమ్మిది ప్రశ్నలున్నయ్, జవాబు నొక్కు" అంటే, వాడు అడిగేది ఒక్కటే: ఈ జవాబులు ఎవరు చూస్తరు?

కోడలు: చట్టం ఉన్నది మామా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంల 23వ సెక్షన్ ప్రకారం రోగి వివరాలు గోప్యంగ ఉంచాలె, అది రోగి హక్కు. చనిపోవాలని ప్రయత్నం చేసి బతికినోళ్లను కూడా తీవ్రమైన ఒత్తిడిల ఉన్నోళ్లుగనే చూడాలె, శిక్షించొద్దు అని 115వ సెక్షన్ల ఉన్నది. 2023ల వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గూడ వచ్చింది.

మామ: చట్టం నాకు తెల్వదు గని, భయం సంగతి తెలుసు. కంపెనీ ఇచ్చిన యాప్ అంటే వాడు అన్నిటికి "నేను మంచిగనే ఉన్న" అని నొక్కుతడు. నీ మిషన్ల అందరు సంతోషంగ ఉన్నట్టు లెక్క వస్తది. ఆ లెక్క చూపెట్టి, "మా దగ్గర సమస్య లేదు" అంటరు.

కోడలు: ఇది నేను ఒప్పుకుంట. దవాఖాన కాగితం, పర్సనల్ డిపార్ట్‌మెంట్ ఫైలు ఒక్కచోట కలవనే కూడదు. కంపెనీ చేతికి లెక్కలు పోతే మొత్తం సంఖ్యలే పోవాలె, పేర్లు పోవద్దు. కని ఈ భయం ఉన్నదని పనిముట్టునే పారేస్తవా? మన తెలుగు జాగలనే చేసి చూసిన పని ఒకటి చెప్త. పశ్చిమ గోదావరి జిల్లాల గిరిజన ప్రాంతంల 30 ఊర్లల్ల జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అని చేసిన్రు. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చిన్రు. వాళ్లు ఇల్లిల్లు తిరిగి దిగులు, ఆందోళన ప్రశ్నలు అడిగిన్రు. అవసరమున్నోళ్ల వివరం పీహెచ్‌సీ డాక్టరు ట్యాబ్‌కు పోయింది. ఏం మందు, ఏం సలహా అనేది అండ్లనే దారి చూపెడ్తది. మందులు తప్పకుండ వేసుకోమని రోగులకు ఫోన్ల గొంతు మెసేజ్‌లు వచ్చినయ్. అంతకుముందు వైద్యానికి పోయినోళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు, 0.8 శాతం. తర్వాత 12.6 శాతం అయిన్రు.

మామ: నూటికి పన్నెండు మందే గదా. మిగిలిన ఎనభై ఎనిమిది మంది ఏమైన్రు? పైగ ముందెంత, తర్వాతెంత అని చూసిన్రు. ట్యాబ్ లేని ఊర్లతోని పోల్చి చూసిన్రా?

కోడలు: ఆ మొదటి పనిల పోల్చలేదు. అందుకే తర్వాత పెద్దగ చేసిన్రు, పశ్చిమ గోదావరిల, హర్యానాల ఫరీదాబాద్, పల్వల్ జిల్లాల్ల, మొత్తం 44 పీహెచ్‌సీల కింద. సగం చోట్ల ఈ పద్ధతి, సగం చోట్ల మామూలు వైద్యం. ఏడాది తర్వాత చూస్తే దిగులు ఎక్కువున్నోళ్లల్ల ఈ పద్ధతి అందినోళ్లకే తగ్గుదల ఎక్కువ కనిపించింది. మానసిక జబ్బంటే ఊర్లె ఉన్న చిన్నచూపు గూడ కొంత తగ్గింది.

మామ: మంచిది. ట్యాబ్ ఎవరి చేతిలున్నది?

కోడలు: ఆశా కార్యకర్త చేతిల.

మామ: ఆ ఊరి ఆడమనిషి. పుట్టినోళ్లకు టీకాలు ఏయించిన మనిషి. ఆమె గడపల అడుగుపెట్టింది గనుకనే వాళ్లు జవాబు చెప్పిన్రు. ఆ ట్యాబ్‌నే పోస్టుల పంపితే ఎవడు ముట్టేటోడు?

కోడలు: పంపితే ఏమయితదో గూడ లెక్క ఉన్నది, నా వాదానికి ఎదురొచ్చినా చెప్త. 2019ల 93 మానసిక ఆరోగ్య యాప్‌ల వాడకం చూస్తే, దించుకున్నోళ్లల్ల పదిహేను రోజులకు గూడ తెరుస్తున్నోళ్లు నూటికి నలుగురు కూడా లేరు. ఒట్టి యాప్ నిలబడదు. నేనంటున్నది ఒట్టి యాప్ గురించి కాదు. నీ చేతికి ట్యాబ్ ఇవ్వాలె అంటున్న.

మామ: నా చేతికెందుకు? కండ్లల్లకు చూస్తే తెల్వదా నాకు?

కోడలు: తెల్వదు మామా, కొన్ని తెల్వవు. నువ్వు తాగుడు మాన్పిస్తవు గదా. ఇరవై ఏండ్లు రోజూ తాగినోన్ని ఒక్కసారే మానుమంటే ఏమయితది? మొదటి రోజే చేతులు వణుకుతయ్, రెండు రోజుల్లనే ఫిట్స్ రావచ్చు, మూడో రోజుకు లేనియి కనపడ్తయ్, ప్రాణం గూడ పోవచ్చు. 2020ల లాక్‌డౌన్ పెట్టి కల్లు, మందు బంద్ చేసినప్పుడు హైదరాబాద్‌ల ఎర్రగడ్డ మానసిక దవాఖాన ముంగట ఎంత మంది నిలబడ్డరో మరిచినవా? మన దిక్కు కల్లుల ఆల్ప్రాజోలం కలుపుతరు. అది ఆగిపోయినా ఫిట్స్ వస్తయ్. ధైర్యం చెప్పే నోరు చాలదు అప్పుడు. ఎవర్ని ఇంట్ల ఉంచి మాన్పియ్యచ్చు, ఎవర్ని అదే రోజు దవాఖానల చేర్పియ్యాలె అని అడిగే ప్రశ్నల వరస ఉంటది. ఆ వరస నీ చేతిల ఉండాలె.

మామ: ఫిట్స్ వచ్చినోన్ని నేను ఆటోల పట్టుకొని దవాఖానకు తీస్కపోయిన. దారి పొడుగునా వాని తల నా ఒళ్లెనే ఉన్నది. నువ్వు చెప్పింది నిజం. ప్రేమతోని పోయినోడు గూడ ప్రాణం మీదికి తేవచ్చు.

కోడలు: పీర్ వర్కర్ల మీద గూడ లెక్కలున్నయ్. 2014ల 18 పరిశోధనలను కలిపి చూసిన్రు. తోటోడు తోడున్నోళ్లల్ల ఆశ, కోలుకుంటమన్న నమ్మకం కొంత పెరిగింది. కని జబ్బు లక్షణాలు తగ్గినయనిగాని, దవాఖానల చేరుడు తగ్గిందనిగాని గట్టి రుజువు దొరకలేదు.

మామ: ఆశ పెరిగిందంటే తక్కువనా బిడ్డా? దినమంతా తలుపేసుకున్నోడు తలుపు తెరిచిండంటే అది ఏ లెక్కల రాస్తరు? డాక్టరు మందు రాసిస్తడు. ఆ మందు మింగెటట్టు చేసేది ఆశనే. గుజరాత్‌ల ఏదో దవాఖానల రోగులే రోగులకు తోడు నిలిచిన్రని నువ్వే చెప్పినవు గదా ఒకసారి.

కోడలు: అహ్మదాబాద్ మానసిక దవాఖాన. 2014 నుంచి అక్కడ నడిచిన క్వాలిటీరైట్స్ పనిల జబ్బుపడి కోలుకున్నోళ్లకు ట్రైనింగ్ ఇచ్చి కొత్త రోగులకు తోడుంచిన్రు. అదే రాష్ట్రంల మెహసాణా జిల్లాల, అంతకుముందు మహారాష్ట్ర నాసిక్ జిల్లాల 'ఆత్మీయత' అని ఇంకోటి నడిచింది. ఊరోళ్లనే ఎంచుకొని, స్మార్ట్‌ఫోన్లు ఇచ్చి, అండ్ల చిన్న చిన్న సినిమాలు పెట్టిన్రు. తాగుడు, ఇంటి గొడవ, నిరుద్యోగం మీద. ఇంటికి పోయి ఆ సినిమా చూపెట్టి మాట మొదలుపెడ్తరు. "నీకేమైంది" అని అడిగితే నోరు విప్పనోడు, సినిమాల మనిషి గురించైతే మాట్లాడతడు. ఫోను చేసే మంచి అట్లుంటది.

మామ: ఫోను చేసే చెడుపు గూడ చెప్పు మరి. నా దగ్గరికొచ్చే పోరగాండ్లల్ల సగం మంది తాగుడుతోని రారు ఇప్పుడు. ఆన్‌లైన్ల రమ్మీ, బెట్టింగు. తెలంగాణల 2017 నుంచే అది నిషేధం, అయినా ఆడుతున్నరు. రుణయాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోతే 2020 ఆఖర్ల హైదరాబాద్ పోలీసులు ఎన్ని కాల్ సెంటర్ల మీద పడ్డరో పేపర్ల చూసినం. జీతం పడేదాక ఆగని, వడ్డీకిచ్చే గిరిగిరి ఫైనాన్సోడు గుమ్మంల నిలబడ్తడు, యాప్‌వాడు జేబులనే కూసుంటడు. అప్పు చేసినోనికి ఫోను చూస్తేనే దడ. ఆ ఫోన్లనే నీ వైద్యం పెడ్తనంటవు.

కోడలు: ఇది నేను అనుకోలేదు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. అప్పుతో కుంగినవాడికి ఫోను దడ పుట్టిస్తుందన్నది చిన్న విషయం కాదు. మందులు వేసుకోమని గుర్తుచేస్తూ ఫోను మోగినా వాడు అప్పువాడి పిలుపే అనుకుంటాడు. ఇలాంటి సంగతి యాప్ తయారుచేసే గదిలో ఎవరికీ తోచదు, ఆ బాధ పడినవాడు ఆ గదిలో కూర్చుంటే తప్ప. పనిముట్టు చేసే రోజునే పీర్ వర్కర్లను పిలవాలి, చేసి చేతికిచ్చే రోజున పిలిస్తే ఆలస్యమైనట్టే.

మరొకటి. ఈ ప్రాంతం గుండెలో ఉన్న గాయాలు తాగుడు, అప్పుల కన్నా లోతైనవి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి పాత పనుల్లో నిలిచిన నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. పోయినవాళ్ల కుటుంబాలకు పరిహారం, ఒకరికి ఉద్యోగం అన్న పద్ధతి ఉంది. ఆ షిఫ్టులో బతికి బయటికొచ్చినవాళ్లకు, వెతికి బయటికి తెచ్చినవాళ్లకు ఏ పద్ధతీ లేదు. భర్త స్థానంలో నౌకరీకి వచ్చిన ఆడమనిషి, ఆయన దిగిన బాయి మీదనే రోజూ మస్టరు వేయించుకుంటుంది. ఆమె సంగతి అడగడానికి మామలాంటి మగవాడు వెళ్లలేడు. కోడలు ఆ మాటే అంది.

కోడలు: నువ్వు చెప్పే తోటోళ్లంత మొగోళ్లే మామా. తాగెటోని ఇంటికి పోతవు, అతని పక్కన కూర్చుంటవు. అర్ధరాత్రి దాకా దెబ్బలు తిని, తెల్లారి టిఫిన్ డబ్బా కట్టిచ్చే భార్యతోని ఎవరు కూర్చుంటరు? ఆమెకు కావల్సింది ఆమె అసొంటి ఆడమనిషి. లేదంటే ఎవ్వరికి తెల్వకుండ ఫోన్ల మాట్లాడే దారి. ఆ ఫోను భర్త చేతిల ఉంటే ఆ దారి గూడ మూసుకపోతది, అది వేరే సంగతి.

మామ: ఆడోళ్లను గూడ తయారుచెయ్యాలె. సింగరేణి సేవా సమితి కుట్టు మిషన్లు నేర్పుతది గదా, ఇది గూడ నేర్పొచ్చు. కని ఊకె చెయ్యమంటే ఎవరు చేస్తరు? నాకు పింఛన్ వస్తది, నేను తిరుగుత. పనిచేసే కార్మికునికి షిఫ్టు పోతది.

కోడలు: అక్కడికే వస్తున్న. పైసలియ్యకుంటె అది సేవ అయితది, సేవ చేసెటోడు అలసిపోతడు. పొద్దుందాక చావు మాటలు విని ఇంటికొచ్చిన రాత్రి నీకు నిద్ర పడ్తదా?

మామ: కొన్ని రోజులు పట్టదు. పాత నాలుక మళ్లా గుంజుతది. అట్లాంటి రోజు భార్యతోని చెప్పి పొలం దిక్కు నడుచుకుంట పోత. నాకు ఎవరున్నరు అన్న మాట నేను ఎన్నడు అనలేదు గని, అనిపిస్తది. దీనికి తొవ్వ మన దగ్గరనే ఉన్నది బిడ్డా. రామగుండంల మెయిన్ రెస్క్యూ స్టేషన్ ఉన్నది. అండ్ల ఉన్నదెవరు? బాయిపని తెలిసినోళ్లే. 1985 రెస్క్యూ రూల్స్ ప్రకారం ఎంచుకుంటరు, మెడికల్ పరీక్ష చేస్తరు, ట్రైనింగ్ ఇస్తరు, అది మరువకుండ మళ్లా మళ్లా ప్రాక్టీసు చేయిస్తరు. బాయిల పొగనో గ్యాసో ఉంటే ఒక్కన్ని పంపరు, టీముగ పోతరు. మంచిగాలి ఉన్న జాగల ఇంకో టీము తయారుగ నిలబడ్తది. లోపటికి పోయినోళ్లతోని మాట తెగకుండ చూస్తరు. ఎంత ధైర్యమున్నోడైనా గాలి అయిపోకముందే తిరిగి రావాలె, వచ్చి తీరాలె. నన్ను గూడ అట్ల పంపాలె.

కోడలు: అట్లయితే నేను అడిగేది ఆ మాట తెగకుండ ఉండే లైను మామా. ఫోనుకు ఇచ్చే పని అదే. కార్మికుడు ఫోన్ల ప్రశ్నలు నొక్కుడు కాదు. నువ్వు ఇంట్ల కూర్చున్నప్పుడు, అనుమానం వచ్చిన ఘడియల, అవతల డాక్టరు దొరకాలె. గోదావరిఖనిల సింగరేణి పైసలతోని 2022ల మెడికల్ కాలేజీ మొదలైంది. మెడికల్ కాలేజీ అన్నంక సైకియాట్రీ విభాగం ఉండాల్సిందే. మంచిగాలి ఉన్న జాగ అదే. నువ్వు లోపటికి పో. మేము ఇక్కడ నిలబడ్తం.

మామ: ఆస్ట్రేలియాల ఏదో ఉన్నదంటివి?

కోడలు: 'మేట్స్'. 2008ల క్వీన్స్‌లాండ్‌ల ఇండ్లు కట్టే కార్మికుల కోసం మొదలై, తర్వాత గనుల దాకా వచ్చింది. పనిచేసే జాగలనే కార్మికులకు ట్రైనింగ్ ఇస్తరు. ట్రైనింగైనోని హెల్మెట్ మీద స్టిక్కర్ ఉంటది. బాధ ఉన్నోడు ఆ స్టిక్కర్ చూసి వచ్చి మాట్లాడతడు. వాడు డాక్టరు కాడు, డాక్టరు దాకా చెయ్యి పట్టుకొని తీస్కపోతడు.

మామ: మన దగ్గర ప్రతి కార్మికుడు వీటీసీల, అదే ట్రైనింగ్ సెంటర్ల, కూసుండి వచ్చినోడే. గ్యాసు గురించి, పైకప్పు గురించి చెప్తరు అక్కడ. ఒక పూట దీని గురించి గూడ చెప్పాలె. ఐదేండ్లకోసారి పీఎంఈల, అదే మెడికల్ పరీక్షల, ఛాతి ఎక్స్‌రే తీస్తరు, చెవులు చూస్తరు. నిద్ర పడ్తుందా అని గూడ ఒక మాట అడగాలె. కని అడిగేది ఎవరు, రాసేది ఎక్కడ అన్నది ముందు తేలాలె. నా దగ్గరికొచ్చినోని పేరు నేను ఎండ్ల రాయను. అది మాత్రం చెప్తున్న.

కోడలు: పేరు రాయకుంటె రెండో సారి ఫిట్స్ వచ్చినప్పుడు మొదటి సారి ఏం మందు ఇచ్చిన్రో డాక్టరుకు ఎట్ల తెలుస్తది? దవాఖానల రాయాలె మామా.

మామ: దవాఖానల రాసుకో. కంపెనీ కంప్యూటర్ల మాత్రం వద్దు.

కోడలు: ఆ రెండిటికి నడుమ గోడ ఉంటదని నేను సంతకం పెట్టి చెప్తే?

మామ: నీ సంతకం కాదు బిడ్డా, కంపెనీ సంతకం కావాలె. యూనియన్ సాక్షి ఉండాలె. అప్పటిదాక నేను రాయను.

ఈ చివరి మాట దగ్గర మామ పట్టే సరైనదని నా అభిప్రాయం. కోడలు చెప్పిన వైద్యపు అవసరం నిజమే. అయినా నమ్మకం ముందు పుట్టాలి, రికార్డు తర్వాత పుట్టాలి. ఆ నమ్మకం కాగితం మీద ఒప్పందంగా ఉండాలి. అందుకు కొత్త వ్యవస్థ అక్కర్లేదు. ప్రతి గనికీ పిట్ సేఫ్టీ కమిటీ ఉంది, కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, ఏరియాకు ఆసుపత్రి ఉంది, యాజమాన్యంతో గుర్తింపు సంఘం కూర్చునే స్ట్రక్చర్డ్ మీటింగ్ ఉంది. గుర్తింపు సంఘం, ప్రాతినిధ్య సంఘాలు వచ్చే సమావేశం అజెండాలో ఈ డిమాండు రాయాలి: కోలుకున్న కార్మికుల్లోంచి, ఆడవాళ్లను కూడా కలుపుకొని, పీర్ వర్కర్లను ఎంచి, రెస్క్యూ టీముకు ఇచ్చినట్టు ట్రైనింగ్ ఇవ్వాలి. వాళ్లు ఇండ్లకు తిరిగిన రోజుకు బాయిలో దిగినట్టే మస్టరు పడాలి. వాళ్ల చేతి ఫోనులో చేరిన పేరు ఏదీ పర్సనల్ డిపార్ట్‌మెంట్‌కు గానీ, మెడికల్ బోర్డుకు గానీ పోదని యాజమాన్యం రాసివ్వాలి. కాంట్రాక్టు కార్మికులను ఇందులోంచి తీసేయకూడదు.

అది జరిగేదాకా, ఈ పేజీ చదువుతున్న కార్మికుడికీ, కార్మికుడి ఇంటివాళ్లకూ ఒక విన్నపం. షిఫ్టు దిగి పైకొచ్చి ఫోను చేతిలోకి తీసుకున్నాక, మనసు బాగాలేకపోతే 14416కు చేయండి. మీ పక్కన పనిచేసేవాడు కొద్ది రోజులుగా మాట్లాడటం లేదని మీకు తెలిసి ఉంటే, రేపటి షిఫ్టు దాకా ఆగకుండా ఇవాళే అతని ఇంటికి వెళ్లండి.